‘పరారీ’ అను మాటను స్వయంగా వచ్చి కొట్టివేయుట గురించి

గోవిందరావు క్యాంపు,
బోధన్ దగ్గర, నిజామాబాద్ జిల్లా.
6 ఏప్రిల్ 2026.

సరిహద్దు మండలాల ప్రత్యేక ప్రొబేషన్ విభాగం పై అధికారి గారి సముఖమునకు,
వెలగపూడి జగ్గారావు, వయస్సు 74, వృత్తి వ్యవసాయం, వ్రాసుకొనుచున్న అర్జీ.

విషయం: నేను జిల్లా దాటి పారిపోయినట్లు తమ అధికారి తన ఇంట్లో కూర్చుని పంపిన నివేదికను రద్దు చేయుట, ఏప్రిల్ 20 లోపల ఒక మనిషిని మనిషి రూపంలో మా క్యాంపుకు పంపుట.

అయ్యా,

1988 యాసంగి పంట కాలంలో ఒక మనిషి మా పిల్లకాలువ తూము దగ్గర, మోకాలి లోతు నీళ్లలో నిలబడి నాకొక మాట ఇచ్చాడు. తూము పక్కనున్న తలమడి అప్పట్లో నాది. దాన్ని ఆనుకుని దిగువనున్న కాలువ చివరి మడి అతనిది. “చెరకు వేసుకుంటాను బావా. తలమడి నాకివ్వు, చివరి మడి నువ్వు తీసుకో. నీ మడి తడిసిందాకా నేను షట్టరు దించను” అన్నాడు. కుడిచెయ్యి నీళ్లలో ముంచి మరీ అన్నాడు. నేను మడులు మార్చుకున్నాను. మరుసటి యాసంగికే షట్టరు దించి నీళ్లన్నీ తన మడికే మళ్లించుకున్నాడు. అతని చెరకు నిలువెత్తు పెరిగింది. నా వరి పొట్టమీద ఎండింది. అడిగితే “ఈ ఒక్కసారికి సర్దుకో బావా” అన్నాడు. ఆ ఒక్కసారి ముప్పై నాలుగేళ్లు నడిచింది. చక్కెర ఫ్యాక్టరీ మూతబడి, చెరకు పోయి, అతను కూడా మా అందరిలాగే వరికి దిగిన తర్వాత సైతం నడిచింది.

ఆ మనిషి నా భార్య చెంచులక్ష్మికి స్వయానా తమ్ముడు. నాకు బావమరిది. అక్షరాలు దిద్దించింది నేనే.

2023 యాసంగిలో మళ్లీ షట్టరు దించి ఉండగా నేను వెళ్లి పార కర్రతో అతని భుజం మీద కొట్టాను. ఎముక చిట్లింది. ఇందులో నాకు బుకాయింపు లేదు. కోర్టులో కూడా కొట్టానని చెప్పాను. మేజిస్ట్రేటు గారు నా తల నెరుపు చూసి, ఇది మొదటి నేరమని చూసి, మూడు నెలలు జైలుకు పోవలసిన నన్ను ఏడాది బాండు మీద వదిలిపెట్టారు. ఇది నిరుడు జూన్ సంగతి. షరతులు మూడు: జిల్లా దాటకూడదు, మళ్లీ గొడవకు పోకూడదు, ఏడాది పొడుగునా ప్రొబేషన్ అధికారి కంటికి కనిపిస్తూ ఉండాలి. పక్క ఊరి భూమన్న నాకు జామీను నిలబడ్డాడు.

మొదటి రెండు షరతులు నేను పాటించాను. మూడవదాన్ని తమ అధికారి పాటించలేదు. వివరములు ఈ దిగువ సమర్పించుకొనుచున్నాను.

1. నన్ను కనిపెట్టి చూడవలసిన అధికారి మధుకర్ గారిని తొమ్మిది నెలలుగా నేను అరచేతి వెడల్పు అద్దంలోనే చూశాను. ప్రతి నెలా అయిదో తేదీన ఫోనులో బొమ్మతో సహా మాట్లాడుతాడు. మొదటి కాల్‌లోనే, “పెద్దాయనా, మాది ఇప్పుడు రిమోట్ డ్యూటీ. మీరు ఆఫీసుకు రావద్దు, నేను మీ ఇంటికి రాను. ఇద్దరికి సుఖం” అన్నాడు. నాకు సుఖం కావాలని ఎవరడిగారు? నేను నేరం చేసినవాడిని. నేను ప్రొబేషన్ చట్టం తెప్పించుకుని చదివాను. అధికారి మాలాంటి వాళ్లను కనిపెట్టి ఉండాలని, అవసరమైతే తగిన పని వెతికిపెట్టాలని కూడా అందులో ఉంది. డెబ్బై నాలుగేళ్లవాడిని, పని వెతికిపెట్టమని నేను వేధించలేదు. కనిపెట్టమని మాత్రం అడిగే హక్కు నాకుంది. జైలులో ఉంటే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఒక మనిషి వచ్చి తలలు లెక్కపెడతాడు. నా తల లెక్కపెట్టడానికి ఇంతవరకు ఎవరూ రాలేదు.

2. సదరు అధికారి వద్ద అయిదు ప్రశ్నల కాగితం ఒకటి గలదు. తాగుతున్నరా? కొత్త కేసులున్నయా? ఇంట్ల కొట్లాటలా? పనికి పోతున్నరా? లొకేషన్ ఆన్‌ల ఉన్నదా? నెలనెలా అవే, అదే వరసలో. నవంబరులో మూడో ప్రశ్న నడుస్తుండగా వాళ్లమ్మ పళ్లెంలో సర్వపిండి తెచ్చిపెట్టింది. నాలుగో ప్రశ్న నములుతూ అడిగాడు. నా జవాబులు వినడం లేదని అనుమానం వచ్చి డిసెంబరులో పరీక్ష పెట్టాను. తాగుతున్నరా అంటే, “రోజుకు రెండు బిందెలు” అన్నాను. “గుడ్, గుడ్” అని రాసుకున్నాడు.

న్యాయంగా చెప్పాలి గనుక ఒక సంగతి చెబుతాను. ఆగస్టులో ఒకసారి ఫోను చుట్టూ తిప్పి ఇల్లు చూపించమన్నాడు. గోడ పొడుగునా ఉన్న పుస్తకాలు చూసి అడిగాడు:

“గివన్ని మీరు చదివిండ్రా?”

“చదివాను.”

“అయినా కొట్టిండ్రా?”

కాగితం చూడకుండా ఆయన అడిగిన ప్రశ్న అదొక్కటే. నేను ఫోనును పుస్తకాల మీద నుంచి పక్కకు తిప్పేశాను. ఆ ప్రశ్న వదిలిపెట్టకుండా నెలనెలా అడిగి ఉంటే ఈ అర్జీ వేరే రకంగా ఉండేదేమో. తర్వాతి నెల మళ్లీ కాగితంలోకి పోయాడు.

3. జనవరి నుంచి నా ఫోనులో ఒక యాప్ పెట్టించారు. కాల్ వచ్చినప్పుడు నేను ఏ ఊళ్లో ఉన్నానో అది మధుకర్ గారికి చెబుతుందట. ఇక్కడ తమరికి మా భూగోళం కొంత విన్నవించుకోవాలి. మా క్యాంపు మంజీర ఒడ్డున ఉంది. ఏటి అవతల మహారాష్ట్ర, బిలోలి. వాళ్ల టవరు మా టవరు కన్నా గట్టిది. మా పెరట్లో నిమ్మచెట్టు కింద నిలబడితే ఫోను తెలంగాణలో ఉంటుంది. గేదెల పాక దగ్గరికి నడిస్తే మహారాష్ట్రలోకి పోతుంది. ఒక గేదె పాలు పితికే లోపల రెండుసార్లు “మహారాష్ట్రకు స్వాగతం” అని సందేశం వస్తుంది. ఒడ్డున ఉన్న అన్ని ఊళ్లదీ ఇదే కథ. మేకలు కాసే భీమవ్వ తన ఫోను నాకు చూపించి, “నేను దినాం మరాఠోళ్ల దేశం పోయొస్త సారూ, బస్సు కిరాయి లేకుంట” అని నవ్వుతుంది. ఆమెకు తెలిసిన ముక్క అధికారికి తెలియలేదు.

జనవరి అయిదున ఆయన మొదటి మాట ఇది:

“పెద్దాయనా, బిలోలిల ఏం పని మీకు?”

“నేను మా గేదెల పాకలో ఉన్నాను బాబూ. ఇదిగో గేదె” అని ఫోను గేదె మొహం మీదకు తిప్పాను.

“గేదెలు బిలోలిల గూడ ఉంటయి సార్.”

“అయితే వచ్చి చూడు. నిజామాబాద్ నుంచి బోధన్ బస్సెక్కితే గంట.”

“నేను ఏడున్ననో మీకెందుకు? సిస్టం ఏం చెప్తె గదే లెక్క.”

ఫిబ్రవరిలో నిమ్మచెట్టు కిందకు పోయి మాట్లాడాను. ఆ రోజు గాలి ఎటు ఉందో, చెట్టు కింద కూడా బిలోలే. మార్చిలో ఇంటి ముందు వీధిలో నిలబడ్డాను. బిలోలి. “మూడుసార్లు జిల్లా దాటిండ్రు. ఇగ నేనేం చెయ్యలేను, కోర్టుకు రాస్త” అన్నాడు. ఆయన అది చెబుతున్నప్పుడు వీధిలో మా క్యాంపు వాళ్లు నలుగురు నిలబడి వింటున్నారు.

4. నేను ఊరుకునే రకం కాదు. ఆయన నన్ను కనిపెట్టకపోయినా నేను ఆయనను తొమ్మిది నెలలుగా కనిపెడుతూనే ఉన్నాను. ఆయన వెనక కిటికీలోంచి ఎదుటి మేడ మీద పళ్ల డాక్టరు బోర్డు ఒకటి కనిపిస్తుంది. ఒక నెల పేరు, ఒక నెల వీధి, ఇలా కూడబలుక్కుని చదివాను. ‘కంఠేశ్వర్’ అన్న నిజామాబాద్ పేట పేరు అక్టోబరులో దొరికింది. అంటే ఆయన రిమోట్ అనుకున్న చోటు ఏ దేశమూ కాదు. మాకు బస్సు దూరం.

మార్చి తొమ్మిదో తేదీ, సోమవారం, నా ఫోనును భూమన్న చేతికిచ్చి మా గేదెల పాకలో కూర్చోబెట్టాను. నేను ఉత్త చేతులతో బోధన్‌లో బస్సెక్కి నిజామాబాద్‌లో దిగి, కంఠేశ్వర్‌లో పళ్ల డాక్టరు బోర్డు వెతుక్కుని, దాని ఎదుటి ఇంటి గేటు తట్టాను. నా ఆలోచన సులువైనది. ఫోను బిలోలి చూపించాలి, నేను ఆయన కళ్లెదుట ఉండాలి. ఏ బుద్ధి ఉన్న మనిషికైనా ఆ ఒక్క నిమిషంతో సంగతి తెలిసిపోవాలి. నిజామాబాద్ మా జిల్లాయే గనుక నేను షరతు కూడా మీరలేదు.

గేటు తీసింది వాళ్లమ్మ ఈరవ్వ. మంచి మనిషి.

“ఎవలు కావాలె బాపు?”

“మధుకర్ గారు.”

“వాడు ఆఫీసుల ఉన్నడు.”

“ఆఫీసు ఎక్కడమ్మా?”

“గీ ఇంట్లనే. లోపటి అర్రల.”

“అయితే ఒకసారి పిలవండి.”

“ఆఫీసుల ఉన్నప్పుడు పిలిస్తె కోపానికొస్తడు. అయిదు గొట్టంగ ఇంటికొస్తడు. కూసోరాదుండ్రి.”

“ఎటు నుంచి వస్తాడు?”

“గా తలుపు తీసుకొని ఒస్తడు” అని ఈరవ్వ మూసిన తలుపు చూపించింది. ఆమెకు అందులో నవ్వొచ్చేదేమీ కనిపించలేదు. నాకు నీళ్లు తెచ్చి ఇచ్చింది.

మా మాటలు విని కిటికీ రెక్క కొంచెం తీసి మధుకర్ గారు చూశాడు. తొమ్మిది నెలల తర్వాత ఆయన మొహం నిజం సైజులో చూశాను. నన్ను గుర్తుపట్టాడు. రంగు మారింది.

“గిదేంది పెద్దాయనా? గిట్ల ఇంటి మీదికి రావద్దు. ఏదున్నా వీడియో కాల్ చెయ్యుండ్రి.”

“ఫోను క్యాంపులో పెట్టి వచ్చాను బాబూ. నీ సిస్టంలో నేను ఎక్కడ ఉన్నానో చూడు.”

ఆయన లోపలికి చూసి, మళ్లీ నన్ను చూసి, “బిలోలి” అన్నాడు.

“నేను ఎక్కడ ఉన్నాను?”

“పెద్దాయనా, నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి. నేను మిమ్ముల కలిసినట్టు ఏడ రాయాలె? గా ఫారంల ‘కలిసినం’ అన్న గడినే లేదు. కాల్ ఎత్తిండ్రా, ఎత్తలేదా, రెండే ఉన్నయి.”

“నీ కళ్లతో చూశావు కదా నాయనా.”

“నా కండ్లతోని సూసింది అప్‌లోడ్ కాదు సార్.”

రెక్క మూసుకుంది.

5. తర్వాత జరిగినది భూమన్న చెప్పగా తెలిసింది. మూసిన కిటికీ వెనక నుంచి మధుకర్ గారు నా నంబరుకు కాల్ చేశాడు. మా గేదెల పాకలో భూమన్న ఎత్తాడు.

“జగ్గారావు గారేనా?”

“కాదు సార్, నేను భూమన్నను. జామీను.”

“జగ్గారావు గారు ఏరి?”

“గాయన గీడ లేడు సార్. మీ ఇంటి ముంగటనే ఉన్నడు గద, జర తలుపు తీసి సూడుండ్రి.”

భూమన్న చివరి జవాబులో మొదటి మూడు మాటలే నివేదికలోకి ఎక్కాయి. ఆ సాయంత్రమే అది కోర్టుకు పోయింది. దాని నకలు ఇప్పుడు నా దగ్గర ఉంది. ఉన్నది ఉన్నట్లు రాస్తున్నాను: “పై వ్యక్తి మూడు పర్యాయములు జిల్లా సరిహద్దు దాటినట్లు సాంకేతికముగా రుజువైనది. తేది 9న కాల్ చేయగా వేరొక వ్యక్తి ఎత్తి, సదరు వ్యక్తి అచ్చట లేడని తెలిపినాడు. కావున పరారీలో ఉన్నట్లు భావించడమైనది.” అది టైపు చేసేటప్పుడు పరారీలో ఉన్న నేను వాళ్ల అరుగు మీద కూర్చుని వాళ్లమ్మ ఇచ్చిన చాయ్ తాగుతున్నాను.

6. ‘పరారీ’ అనే మాట గురించి. మా తాత 1934లో ఈ కాలువ కింద భూమి కోసం గుంటూరు వైపు నుంచి బండి కట్టుకుని వచ్చాడు. నేను ఈ క్యాంపులో పుట్టాను. తొంభై రెండేళ్లయినా మా ఊరిని ఊరు అనరు, క్యాంపు అంటారు. రేపో ఎల్లుండో గుడారాలు పీక్కుని వెళ్లిపోతామన్నట్టు. మా పిల్లలు బడికి పోతే ఎక్కడోళ్లురా మీరు అని అడిగినవాళ్లు ఉన్నారు. మేం ఎక్కడికీ పోలేదు. కాలువలో నీళ్లు రాని ఏళ్లు ఉన్నాయి, అప్పుడూ పోలేదు. ఇప్పుడు నా డెబ్బై నాలుగో ఏట ఒక అధికారి కంఠేశ్వర్‌లో అర్ర తలుపేసుకుని నేను పారిపోయానని రాశాడు. నన్ను దొంగ అని రాసినా ఇంత నొచ్చుకునేవాణ్ణి కాదు.

7. మార్చి 28న కోర్టు నోటీసు అందింది. ఏప్రిల్ 20న హాజరై, బాండు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పుకోవాలి. చెప్పుకోలేకపోతే పాత నేరానికి మూడు నెలలు. బోధన్‌లో మా వకీలు ఉమారాణి గారు నివేదిక నకలు తెప్పించి తన ఆఫీసులో పైకి చదివారు. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయారు.

“సార్, గీడ ‘ఇరుగుపొరుగు విచారణ’ అని ఒకటున్నది. నెలనెలా పక్క పొలం రైతుకు ఫోన్ చేసి మీ నడవడి అడిగిండ్రు. తొమ్మిది నెలలు బాగున్నదనే చెప్పిండు.”

“పక్క పొలం రైతా? ఎవరు?”

ఆమె ఆ రైతు పేరు చదివారు. నాకు చెవులు గింగురుమన్నాయి.

“సార్, మీరు కొట్టింది ఈయన్నే గదా?” అని ఆమె కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వు ఆపుకోవడానికి.

జరిగినది ఇది. ఇరుగుపొరుగును విచారించాలని రూలు ఉంది. మా క్యాంపుకు వచ్చి ఉంటే మధుకర్ గారికి ఇరవై గడపలు దొరికేవి. రాలేదు గనుక, కేసు కాగితాల్లో పక్క పొలం రైతు అని కనిపించిన నంబరు పట్టుకున్నాడు. ఆ రైతు పేరు ఆ కాగితాల్లోకి ఎందుకు ఎక్కిందో, భుజానికి కట్టు ఎందుకుందో చదవలేదు. నా చేతి దెబ్బ తిన్నవాడినే నా మంచితనానికి సాక్షిగా తొమ్మిది నెలలు అడిగాడు. తమరి శాఖలో ఇంతకు మించిన పొరపాటు ఉంటే తెలియజేయ ప్రార్థన.

వాడు ఏమి చెప్పాడో కూడా ఉంది. జూలై: “బావ మంచోడే సార్.” సెప్టెంబరు: “పొద్దున ఆరింటికి గట్టు మీద ఉంటాడు, సాయంత్రం పుస్తకం పట్టుకుంటాడు, ఎవరి జోలికీ పోడు.” మార్చి: “మా బావ ఊరు దాటడు సార్. దాటే మనిషే అయితే ఎప్పుడో బాగుపడేవాడు.” దాని కింద మధుకర్ గారు, “పొరుగువారి మాట సాంకేతిక సాక్ష్యంతో సరిపోలనందున పరిగణించలేదు” అని కొట్టేశాడు.

8. ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను.

ఉమారాణి గారు లెక్క తేల్చి చెప్పారు: “టవర్ కంపెనీ కాయిదం తెప్పిస్తె రెండు నెలలు పడ్తది. భూమన్నేమో జామీను, మీ మేడమేమో ఇంటి మనిషి, క్యాంపోళ్లు మీ తరఫోళ్లే అంటరు, వాళ్ల మాట కోర్టుల బలం తక్కువ. రెండే తొవ్వలున్నయి సార్. ప్రొబేషనోళ్లు ఎవరన్న స్వయంగా వచ్చి చూసి మరో రిపోర్టు ఇయ్యాలె. లేదంటె గీ పక్క పొలమాయన బోనెక్కి, దినాం మిమ్ముల చూస్తున్న అని చెప్పాలె. దెబ్బ తిన్నోడే చెప్తె ఇగ ఎవరు కాదంటరు?”

“రెండోది వద్దు” అన్నాను.

“మూడు నెలలు సార్. మీ వయసుల.”

“వద్దు.”

ఇంటికి వచ్చేసరికి కబురు నాకన్నా ముందు వచ్చి ఉంది. చెంచులక్ష్మి అన్నం పెడుతూ అంది, “తమ్ముడు వస్తానన్నాడు, కోర్టుకి. మీరు ఎక్కడికీ పోలేదని చెబుతానన్నాడు.”

“రావద్దని చెప్పు.”

“చెప్పను. మీకు పంతం, నాకు క్యారేజీ. మూడు నెలలు జైలు గేటు దగ్గర నిలబడాల్సింది నేను.”

“వాడి సాక్ష్యంతో బయటపడటం కన్నా లోపల ఉండటమే మేలు.”

“లోపల మీ పుస్తకాలు రానివ్వరు” అంది. యాభై ఏళ్ల కాపురంలో ఎక్కడ గుచ్చాలో ఆమెకు బాగా తెలుసు.

తమరు అనుకోవచ్చు, ముసలివాడికి ఇంత కక్ష ఎందుకని. వినండి. నేను వాణ్ణి కొట్టిన నాటి నుంచి ఈ మూడు యాసంగులుగా ఆ షట్టరు దిగలేదు. ఈ ఏడు నా చివరి మడిలో గట్టు తాకేదాకా నీళ్లున్నాయి. ముప్పై నాలుగేళ్లు నోటితో అడిగాను. పంచాయితీలో అడిగాను, నీటి సంఘంలో అడిగాను, వాడి అక్క చేత అడిగించాను. ఇవ్వనివాడు ఒక్క దెబ్బకు ఇచ్చాడు. మాటకు విలువ లేదు, పార కర్రకే విలువ ఉందని నేను చదివిన ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. చెప్పినవాడు వాడు. మధుకర్ గారు అడిగిన “అయినా కొట్టిండ్రా?”కు నేను వెతుక్కున్న జవాబు ఇదే. అటువంటివాడు ఇప్పుడు బోనెక్కి నా మంచితనం గురించి చెబితే, కోర్టంతా వాణ్ణి చూసి అబ్బా ఎంత పెద్ద మనసు అనుకుంటే, నేను తలవంచుకుని వాడి కారులో ఇంటికి రావాలి. ఆ శిక్ష నాకు ఏ సెక్షను కిందా పడలేదు.

కావున తమరిని కోరుకొనునది:

(అ) ఏప్రిల్ 20 లోపల తమరి శాఖ నుంచి ఒక మనిషి, ఎవరైనా సరే, మా పెరట్లోకి వచ్చి, తన ఫోనే తన జేబులోంచి తీసి, గేదెల పాక దగ్గర నిలబడవలెను. మహారాష్ట్ర తనకు కూడా స్వాగతం పలికిన తర్వాత నా మొహం చూసి, నేను ఉన్నానని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టవలెను. అంతకు మించి నాకు ఏ దయా అక్కరలేదు.

(ఆ) మధుకర్ గారి మీద చర్య తీసుకొనవలెను. ఉద్యోగం తీసివేయమని అడగను, ఈరవ్వ మొహం చూసి. ఆయన వయస్సును, ఇది మొదటి తప్పు కావడాన్ని దృష్టిలో పెట్టుకుని, ఏడాది పాటు ప్రతి నెలా అయిదో తేదీన బస్సులో వచ్చి మా ఒడ్డు ఊళ్లన్నీ నడిచి తిరిగే షరతు మీద వదిలిపెట్టవలెను. వచ్చినట్లు నేను సంతకం చేస్తాను. అయిదు ప్రశ్నలు నేను కూడా తయారు చేసి ఉంచాను.

(ఇ) తమరి ఫారంలో ‘కలిసినాము’ అని ఒక గడి పెట్టించవలెను.

(ఈ) నివేదికలో ‘పరారీ’ అను మాటతోపాటు, ఇరుగుపొరుగు విచారణ కింద తొమ్మిది చోట్ల ఉన్న “నడవడి బాగున్నది” అను మాటలను కూడా కొట్టివేయవలెను. నా నడవడి బాగున్నదో లేదో చెప్పే అధికారం చెప్పినవాడికి లేదు. నడవడి సంగతి అవసరమైతే భీమవ్వను అడగండి. ఆమె మేకలను నా గట్టు మీద నుంచి ఎన్నిసార్లు తోలేశానో దాచకుండా చెబుతుంది. ఆమె తిట్లు రికార్డులో ఉండటం నాకు సమ్మతమే.

పై వాటిలో (అ) ఒక్కటి నెరవేర్చలేని పక్షంలో, మిగిలినవి కూడా అక్కరలేదు. నన్ను ఇరవయ్యో తేదీకి ముందే లోపల వేయించవలెను. నేను మా గడప మీదే కూర్చుని ఉంటాను. పట్టుకోవడానికైనా ఒక మనిషి రావలసి వస్తుంది కదా.

ఇది ఆసాంతం చిత్తగించి, ఫోను చేయక, బయలుదేరవలెను.

ఇట్లు,
కోర్టు ఉత్తర్వు మేరకు జూన్ నెలాఖరు వరకు
తమ విధేయుడు,
వెలగపూడి జగ్గారావు

తా.క.: ఈ అర్జీని రిజిస్టరు పోస్టులో పంపుదామని కవరు అంటించి బయటికి వచ్చేసరికి వాడు గట్టు మీద నిలబడి ఉన్నాడు. దెబ్బ తగిలిన భుజం ఇప్పటికీ కొంచెం కిందికే ఉంటుంది. మూడేళ్లలో మొదటిసారి నాతో నేరుగా మాట్లాడాడు.

“బావా, ఇరవయ్యో తారీఖు పొద్దున ఎనిమిదింటికి కారు తీస్తాను. అక్క ముందు సీట్లో కూర్చుంటుంది, నువ్వు వెనక కూర్చో. నాతో మాట్లాడనక్కరలేదు.”

నేను కవరు చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగాను. ఇంట్లోకి వెళ్లి చూస్తే చెంచులక్ష్మి నా తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. కవరు మళ్లీ చింపి ఇది రాస్తున్నాను. రోజులు పద్నాలుగే ఉన్నాయి. తమరి మనిషి రాకపోతే వాడు వస్తాడు. వాడు బోనెక్కి, నిజమే చెప్పి, నన్ను విడిపిస్తాడు. ఆ పని మీద వాడికి నాకన్నా ఎక్కువ పట్టుదల ఉన్నట్టు కనిపిస్తోంది. కాబట్టి సాక్షుల జాబితాలో ఆ పేరు కనబడితే తమరు గుర్తుపట్టడానికి వీలుగా ఇక్కడ రాసి పెడుతున్నాను. ముప్పై నాలుగు పంటలు నాకు ఎండబెట్టినవాడు, నా చేత పార ఎత్తించినవాడు, ఇప్పుడు నన్ను క్షమించడానికి కూడా నా అనుమతి అడగనివాడు: కొల్లి సాయిప్రసాద్.